టిర్పిట్జ్ కదలకముందే చెదిరిన కాన్వాయ్: ఆర్కిటిక్ దారిని నడిపించిన భయం

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ దగ్గరున్న అతిపెద్ద యుద్ధనౌకల్లో టిర్పిట్జ్ ఒకటి. 1942 జనవరిలో నార్వే తీరానికి వచ్చింది, 1944 నవంబర్‌లో అక్కడే మునిగింది. దాదాపు మూడేళ్లున్నా ఒక్క వాణిజ్య నౌక మీద కూడా దాని పెద్ద ఫిరంగులు పేలలేదు. అవి నేల మీదో నీళ్ల మీదో ఉన్న శత్రు లక్ష్యం మీద పేలింది 1943 సెప్టెంబర్‌లో ఒకే ఒక్కసారి, అదీ స్పిట్స్‌బెర్గెన్ దీవి మీదున్న చిన్న స్థావరాల మీద. అయినా సరే, బ్రిటన్, అమెరికాల నుంచి సోవియట్ యూనియన్‌కి ఆయుధాలు మోసుకెళ్లిన కాన్వాయ్‌ల (యుద్ధనౌకల కాపలాలో గుంపుగా పోయే సరుకు ఓడల) గురించి ఏది చదివినా దీని పేరు తగలకుండా ఉండదు.

ఆర్కిటిక్ కాన్వాయ్‌ల గురించి రాసేవాళ్లు ఎక్కువగా మంచు, తుఫాన్లు, నావికుల తెగువ దగ్గరే ఆగిపోతారు. అవన్నీ నిజమే. కానీ ఈ దారిలో రెండు పక్షాలూ తీసుకున్న పెద్ద నిర్ణయాలు చాలావరకు ఏం జరగొచ్చో అన్న భయంతో తీసుకున్నవే, దాన్ని పక్కన పెట్టి చదివితే 1942లో జరిగింది అర్థం కాదు.

ముందు ఈ దారి ఎందుకు అవసరమైందో చూద్దాం. 1941 జూన్ 22న జర్మనీ సోవియట్ యూనియన్ మీద దాడి చేసింది. అప్పటికి ఏడాదిగా దాదాపు ఒంటరిగా పోరాడుతున్న బ్రిటన్‌కి ఉన్నట్టుండి ఒక తోడు దొరికింది, ఆ తోడు ఎక్కువ కాలం నిలబడేలా మాత్రం కనిపించలేదు. సోవియట్ పశ్చిమ ప్రాంతంలోని కర్మాగారాలు జర్మన్ల చేతికి చిక్కకుండా యంత్రాలతో సహా రైళ్లలో తూర్పుకి తరలిపోతున్నాయి. లెక్కల్లో 1,500కి పైగా పెద్ద కర్మాగారాలు అలా వెళ్లాయి. విప్పి తీసుకెళ్లిన యంత్రాలని ఉరల్ కొండల అవతల మళ్లీ బిగించి, ట్యాంకులు బయటికి రావాలంటే నెలలు పడుతుంది, ఆ నెలల్లోనేమో జర్మన్ సైన్యం మాస్కో వైపు వస్తోంది. అప్పటికప్పుడు ఆయుధాలు పంపడానికి బ్రిటన్‌కి ఉన్న దగ్గరి దారి ఉత్తరపు సముద్రమే. ఐస్‌లాండ్ నుంచి బయల్దేరి, నార్వే నెత్తి మీదుగా తిరిగి, సోవియట్ ఉత్తర రేవులైన మూర్మాన్స్క్‌కో అర్ఖాంగెల్స్క్‌కో చేరాలి. మొదటి కాన్వాయ్ పేరు డెర్విష్. అది 1941 ఆగస్టు 31న అర్ఖాంగెల్స్క్ చేరింది. ఆరు సరుకు ఓడలు, ఒక చమురు ఓడ, వాటిలో రబ్బరు, తగరం, ఉన్ని, విడిభాగాలుగా పెట్టెల్లో సర్దిన 15 హరికేన్ యుద్ధ విమానాలు. ఒక్క ఓడ కూడా పోలేదు.

తర్వాతి కాన్వాయ్‌లకి పీక్యూ అని పేరు పెట్టి వరుసగా అంకెలు వేశారు, ఖాళీగా తిరిగొచ్చేవి క్యూపీ. ప్రణాళిక విభాగంలో పనిచేసిన ఒక అధికారి పేరులోని పొడి అక్షరాలే అవని చెబుతారు.

మ్యాప్ ముందు పెట్టుకుంటే కష్టం ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది. ఉత్తరాన ధ్రువపు మంచు పలక, దక్షిణాన జర్మన్ల చేతిలో ఉన్న నార్వే, మధ్యలో ఓడలు పోవడానికి మిగిలిన నీళ్లు. చలికాలంలో మంచు కిందికి దిగివస్తుంది, దాంతో ఓడలు నార్వే తీరానికి దగ్గరగా పోక తప్పదు. కాకపోతే అప్పుడు రోజంతా చీకటే కాబట్టి విమానాలకి దొరకడం కష్టం. ఎండాకాలంలో మంచు వెనక్కి జరిగి తీరానికి దూరంగా పోయే వీలుంటుంది కానీ అప్పుడు సూర్యుడు అసలు అస్తమించడు. అర్ధరాత్రి రెండు గంటలకి కూడా పట్టపగలే. దాక్కోవడానికి చోటుంటే వెలుతురు, చీకటుంటే చోటు లేదు. ఈ సందులోంచి వెళ్లాల్సిన కాన్వాయ్ అన్నిటికంటే నెమ్మదైన ఓడ వేగంతోనే నడవాలి, అంటే ఎనిమిది నాట్లు, గంటకి పదిహేను కిలోమీటర్లు, ఊళ్లో సైకిల్ తొక్కుకుంటూ పోయేవాడి వేగం. పది రోజుల పైమాటే ప్రయాణం.

చలి సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే అది యంత్రాల్ని కూడా శత్రువులుగా మార్చేసింది. అలల తుంపర డెక్ మీద పడ్డ వెంటనే గడ్డకడుతుంది. ఆ మంచు టన్నుల లెక్కన పేరుకుంటే ఓడ పైభాగం బరువెక్కి బోల్తా కొట్టే ప్రమాదం ఉంటుంది, అందుకే నావికులు గొడ్డళ్లతో, ఆవిరి గొట్టాలతో రాత్రీ పగలూ దాన్ని కొట్టి పడేస్తూనే ఉండాలి. నీళ్లలో పడ్డ మనిషి బతికేది నిమిషాలే. వెచ్చటి అట్లాంటిక్ ప్రవాహం, చల్లటి ధ్రువపు నీళ్లు ఇక్కడ కలుస్తాయి. ఉష్ణోగ్రత, ఉప్పదనం పొరలు పొరలుగా మారిపోయి సోనార్ (శబ్దంతో జలాంతర్గాముల్ని కనిపెట్టే పరికరం) శబ్దం వంగిపోతుంది, దాంతో జలాంతర్గామి పక్కనే ఉన్నా దొరకదు. చిత్రం ఏంటంటే మూర్మాన్స్క్ రేవు చలికాలంలో కూడా గడ్డకట్టకుండా ఉండేది అదే వెచ్చటి ప్రవాహం పుణ్యాన. 1942 మార్చిలో బ్రిటిష్ క్రూయిజర్ (మధ్యస్థాయి యుద్ధనౌక) ట్రినిడాడ్ జర్మన్ నౌక మీదికి టార్పెడో వదిలితే, అది చుట్టు తిరిగి వచ్చి ట్రినిడాడ్‌నే తగిలింది. చలికి టార్పెడోలోని దిశ చూపే పరికరం మొరాయించడమే కారణమని చెబుతారు.

ఇన్ని కష్టాలున్నా 1941లో పీక్యూ కాన్వాయ్‌ల నుంచి ఒక్క సరుకు ఓడ కూడా మునగలేదు. యుద్ధం కొద్ది నెలల్లో అయిపోతుందని జర్మన్లు నమ్మారు, అయిపోయే యుద్ధంలో సరఫరా దారులు తెగ్గొట్టాల్సిన పనేముంది? మాస్కో ముందు ఆ లెక్క తప్పాక గానీ ఉత్తరం వైపు చూడలేదు. 1942 జనవరి మొదట్లో వజీరిస్తాన్ అనే బ్రిటిష్ సరుకు ఓడ మునిగింది, పీక్యూ కాన్వాయ్‌ల్లో అదే మొదటి నష్టం. అదే నెలలో మటబేలే అనే డిస్ట్రాయర్‌ని (వేగంగా కదిలే చిన్న యుద్ధనౌకని) జలాంతర్గామి ముంచేస్తే, రెండు వందల మందికి పైగా ఉన్న సిబ్బందిలో ప్రాణాలతో బయటపడింది ఇద్దరే. టిర్పిట్జ్ నార్వేకి చేరిందీ ఆ నెలలోనే.

నిజానికి టిర్పిట్జ్ నార్వేకి రావడానికి కాన్వాయ్‌ల కంటే పెద్ద కారణం హిట్లర్ భయం. బ్రిటన్ ఎప్పటికైనా నార్వే మీద దిగుతుందని ఆయనకి గట్టి నమ్మకం. దిగితే అడ్డుకోవాలి కాబట్టి పెద్ద నౌకలన్నీ అక్కడే ఉండాలన్నాడు. అవి అక్కడ ఉన్నాయి కాబట్టి బ్రిటన్ తన పెద్ద యుద్ధనౌకల్ని, విమానవాహక నౌకని వేరే సముద్రాలకి పంపకుండా ఉత్తరాన్నే కట్టేసుకుంది. మార్చిలో టిర్పిట్జ్ ఒకసారి పీక్యూ-12 కోసం బయటికొచ్చింది. పొగమంచులో కాన్వాయ్ దొరకలేదు, తిరుగుదారిలో విక్టోరియస్ అనే విమానవాహక నౌక నుంచి వచ్చిన విమానాలు దాని మీద టార్పెడోలు వేశాయి. ఒక్కటీ తగలలేదు. కానీ హిట్లర్‌కి వణుకు పుట్టడానికి అది చాలు: ఇకపై బ్రిటిష్ విమానవాహక నౌక ఎక్కడుందో తేలి, దాని బెడద తీరాకే టిర్పిట్జ్ కదలాలన్నాడు. ఈ ఆజ్ఞ సంగతి లండన్‌కి తెలియదు. జులైలో జరిగినదంతా ఈ తెలియకపోవడం మీదే నడిచింది.

పీక్యూ-17 1942 జూన్ 27న ఐస్‌లాండ్ నుంచి బయల్దేరింది. 35 సరుకు ఓడలు, వాటిలో రెండు మొదట్లోనే దెబ్బతిని వెనక్కి పోయాయి. దగ్గరి కాపలాకి కమాండర్ జాక్ బ్రూమ్ నాయకత్వంలో డిస్ట్రాయర్లు, ఇంకొన్ని చిన్న నౌకలు ఉన్నాయి. కొంచెం దూరంలో అడ్మిరల్ హామిల్టన్ క్రూయిజర్లు నాలుగు, ఇంకా దూరాన అడ్మిరల్ టోవీ పెద్ద నౌకాదళం. జులై 4 సాయంత్రం దాకా కాన్వాయ్ బాగానే నిలబడింది. మూడు ఓడలు పోయాయి గానీ విమానాల దాడుల్ని తిప్పికొట్టి వరుస చెదరకుండా ముందుకే సాగుతోంది. ఆ రాత్రి లండన్‌లోని నౌకాదళ ప్రధాన కార్యాలయం నుంచి మూడు సందేశాలు వచ్చాయి, 25 నిమిషాల్లో మూడు. 9.11కి: క్రూయిజర్లు పూర్తి వేగంతో పడమటికి వెనక్కి రావాలి. 9.23కి: ఉపరితల నౌకల ముప్పు ఉంది, కాన్వాయ్ విడిపోయి రష్యా రేవులకి పోవాలి. 9.36కి: కాన్వాయ్ చెల్లాచెదురు కావాలి.

సముద్రంలో ఉన్నవాళ్ల వైపు నుంచి ఈ మూడింటినీ చదవండి. పెద్ద నౌకల్ని వేగంగా కదలమన్నారు, ముప్పు అన్నారు, చెదిరిపొమ్మన్నారు, ప్రతిదానికీ అత్యవసరం అని ముద్ర. ఎవరికైనా ఏమనిపిస్తుంది? టిర్పిట్జ్ ఇక్కడెక్కడో ఉంది, ఇంకాసేపట్లో దిక్చక్రం మీద కనిపిస్తుంది. బ్రూమ్‌కీ అదే అనిపించింది. పెద్ద పోరాటం జరగబోతోందనుకుని తన డిస్ట్రాయర్లని తీసుకుని క్రూయిజర్లతో కలిసిపోయాడు. సరుకు ఓడల దగ్గర మిగిలినవి కొర్వెట్లు అనే చిన్న కాపలా నౌకలు, సముద్రపు మందుపాతరలు ఏరే మైన్‌స్వీపర్లు, తుపాకులు బిగించిన చేపల ట్రాలర్లు. ఆ సమయానికి టిర్పిట్జ్ నార్వేలోని ఆల్టా ఫియర్డ్‌లో (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో) లంగరేసి ఉంది.

ఈ ఆజ్ఞ ఇచ్చింది నౌకాదళాధిపతి డడ్లీ పౌండ్. ఆ సాయంత్రం ఆయన స్వయంగా గూఢచార విభాగం గదికి వచ్చి నార్మన్ డెన్నింగ్ అనే అధికారిని అడిగింది ఒకటే: టిర్పిట్జ్ ఇంకా ఫియర్డ్‌లోనే ఉందని హామీ ఇవ్వగలరా? డెన్నింగ్ దగ్గర ఉన్నవి సూచనలు. నౌక బయల్దేరి ఉంటే దాడి చేయకుండా తప్పుకోమని జర్మన్ జలాంతర్గాములకి సందేశం పోయేది, అది పోలేదు. బయల్దేరినప్పుడు మామూలుగా పెరిగే రేడియో సందడి పెరగలేదు. ఇవన్నీ చూసి అది కదల్లేదనే డెన్నింగ్ అభిప్రాయం. కానీ హామీ ఇవ్వమంటే ఇవ్వలేడు, లేనిదాన్ని రుజువు చేయడం ఎవరి వల్లా కాదు. పౌండ్ సలహాదారుల్లో ఎక్కువమంది చెదరగొట్టొద్దన్నారు. ఆయన వినలేదు.

పౌండ్‌ని మూర్ఖుడని తేల్చేయడం తేలికే, చాలామంది ఆ పనే చేశారు. 1943లో ఆయన మెదడులో కణితితో చనిపోయాడు కాబట్టి జబ్బు వల్లే ఇలా నిర్ణయించాడని అనేవాళ్లూ ఉన్నారు. అది అంత నమ్మదగ్గ వివరణ కాదు, ఎందుకంటే ఆ నిర్ణయానికి ఒక తర్కం ఉంది. శత్రు యుద్ధనౌక ఎదురైతే కాన్వాయ్ చెదిరిపోవాలన్నది పాత పద్ధతే, అది పనిచేసింది కూడా. 1940 నవంబర్‌లో అట్లాంటిక్‌లో అడ్మిరల్ షీర్ అనే జర్మన్ యుద్ధనౌక ఒక పెద్ద కాన్వాయ్ మీద పడితే, కాపలాగా ఉన్న జెర్విస్ బే అనే బ్రిటిష్ నౌక అడ్డుపడి మునిగిపోయింది, ఆలోపు ఓడలన్నీ తలో దిక్కూ పారిపోయాయి, ఎక్కువ భాగం బతికాయి. అయితే అక్కడ చుట్టూ ఖాళీ సముద్రం, పైగా చీకటి పడుతోంది. ఇక్కడ ఒకవైపు మంచు పలక, నెత్తిన అస్తమించని సూర్యుడు, చుట్టూ అప్పటికే కాచుకున్న జలాంతర్గాములు, దగ్గర్లో విమాన స్థావరాలు. ఒక్క టిర్పిట్జ్‌ని ఊహించుకుని గుంపుని చెదరగొడితే, నిజంగా అక్కడున్న మిగతా అందరికీ ఓడలు ఒక్కొక్కటిగా దొరికాయి. పౌండ్ తప్పు అక్కడుంది. రెండో తప్పు, వెయ్యి మైళ్ల పైగా దూరంలో కూర్చుని నిర్ణయం తీసుకోవడమే కాకుండా, తన దగ్గరున్న సమాచారం ఎంత గట్టిదో, ఎంత అనుమానమో సముద్రంలో ఉన్నవాళ్లకి చెప్పకపోవడం. అది అంచనా మాత్రమే అని తెలిసుంటే బ్రూమ్ కాన్వాయ్‌ని వదిలిపోయేవాడు కాదేమో.

ముందు పోయిన మూడింటితో కలిపి మొత్తం 22 సరుకు ఓడలు, వాటికి తోడు ఒక సహాయక నౌక, ఒక చమురు నౌక మునిగాయి. 153 మంది వాణిజ్య నావికులు చనిపోయారు. 430 ట్యాంకులు, 210 విమానాలు, 3,350 వాహనాలు సముద్రం అడుక్కి పోయాయి. టిర్పిట్జ్ జులై 5న బయటికి రానైతే వచ్చింది గానీ, జలాంతర్గాములు, విమానాలే పని చక్కబెడుతున్నాయని చూసి ఆ రాత్రే వెనక్కి పిలిపించారు. మొత్తం యుద్ధకాలంలో ఈ దారిలో వెళ్లిన సుమారు 1,400 సరుకు ఓడల్లో పోయినవి 85 అని సాధారణంగా చెబుతారు. అంటే నాలుగో వంతుకు పైగా నష్టం ఒక్క ఈ కాన్వాయ్‌దే.

గట్టెక్కినవాళ్లలో ఎయిర్‌షైర్ అనే ట్రాలర్ గురించి చెప్పుకోవాలి. దాని అధికారి గ్రాడ్‌వెల్ యుద్ధానికి ముందు వకీలు. ఆజ్ఞలో రేవుకి పొమ్మని ఉన్నా, ఆయన మూడు సరుకు ఓడల్ని వెంటేసుకుని నేరుగా మంచు పలకల్లోకి దూరాడు. ఓడలకి తెల్ల రంగు వేయించాడు, డెక్ మీదున్న ట్యాంకుల ఫిరంగుల్లో గుండ్లు నింపి సిద్ధంగా పెట్టించాడు. జర్మన్ విమానాలకి కనపడలేదు. మూడూ క్షేమంగా చేరాయి.

ఈ దెబ్బతో చర్చిల్ కాన్వాయ్‌ల్ని కొన్నాళ్లు ఆపేశాడు, స్టాలిన్‌కి ఒళ్లు మండింది. బ్రిటిష్ నిపుణులు చెబుతున్న కారణాలు నిలబడేవి కావని జులై ఉత్తరంలో ఘాటుగానే రాశాడు. అదీ అర్థం చేసుకోదగ్గదే, అప్పుడు జర్మన్లు స్టాలిన్‌గ్రాడ్ వైపు వస్తున్నారు. సెప్టెంబర్‌లో బయల్దేరిన పీక్యూ-18తో అవెంజర్ అనే చిన్న విమానవాహక నౌకని, అవసరమైతే ఉపరితల నౌకలతోనూ తలపడగల డిస్ట్రాయర్ల గుంపుని పంపారు. 40 ఓడల్లో 13 పోయాయి, నష్టం తక్కువేమీ కాదు. కానీ గుంపు చెదరలేదు, దాడికొచ్చిన జర్మన్ టార్పెడో విమానాలు కూడా భారీగా కూలాయి.

1942 డిసెంబర్ 31న ఇదే నాటకం తిరగబడింది. 14 ఓడల జేడబ్ల్యూ-51బి (పీక్యూ బదులు కాన్వాయ్‌లకి పెట్టిన కొత్త పేరు) మీదికి హిప్పర్, లుట్జోవ్ అనే రెండు పెద్ద జర్మన్ నౌకలు ఆరు డిస్ట్రాయర్లతో వచ్చాయి. కాపలాకి ఉన్నవి కెప్టెన్ షెర్‌బ్రూక్ కింద ఐదు డిస్ట్రాయర్లు. లెక్క ప్రకారం చూస్తే అది పోరాటమే కాదు. కానీ సమాన బలం ఎదురైతే రిస్క్ తీసుకోవద్దని జర్మన్ అధికారికి పైనుంచి హెచ్చరిక ఉంది. షెర్‌బ్రూక్ డిస్ట్రాయర్లు టార్పెడోలు వేయబోతున్నట్టు పదే పదే మీదికి ఉరికేసరికి, ఆ టార్పెడోల భయానికి జర్మన్ నౌకలు ప్రతిసారీ పక్కకి తిరిగాయి. షెర్‌బ్రూక్ ముఖానికి గాయమై ఒక కంటి చూపు పోయింది. రెండు బ్రిటిష్ నౌకలు, ఒక జర్మన్ డిస్ట్రాయర్ మునిగాయి. సరుకు ఓడలు పద్నాలుగూ చేరాయి. కాపలా నౌక పని శత్రువుని ముంచడం కాదు, సరుకు చేర్చడం. ఆ కొలమానంలో ఈ దారి మొత్తంలో ఇంతకంటే మంచి పోరాటం లేదు.

హిట్లర్ మండిపడి పెద్ద నౌకలన్నిటినీ తుక్కు చేయమన్నాడు. నౌకాదళాధిపతి రేడర్ రాజీనామా చేశాడు, జలాంతర్గాముల మనిషి డోనిట్జ్ ఆ కుర్చీలోకి వచ్చి, మెల్లగా నచ్చజెప్పి కొన్నిటిని నిలబెట్టాడు. వాటిలో షార్న్‌హార్స్ట్ 1943 డిసెంబర్ 26న కాన్వాయ్ కోసం వెళ్లి, ఎదురుగా కాచుకున్న బ్రిటిష్ యుద్ధనౌక డ్యూక్ ఆఫ్ యార్క్ రాడార్‌కి చిక్కి మునిగింది. 1,968 మందిలో 36 మంది మిగిలారు. టిర్పిట్జ్ సంగతి 1944 నవంబర్ 12న ట్రోమ్సో దగ్గర లాంకాస్టర్ బాంబర్లు తేల్చాయి. ఆ తర్వాత కూడా మూర్మాన్స్క్ ముంగిట జలాంతర్గాములు ఓడల్ని ముంచుతూనే ఉన్నాయి. జర్మనీ లొంగిపోయాక, 1945 మే 12న కూడా ఒక కాన్వాయ్ కాపలాతోనే బయల్దేరింది, లొంగుబాటు కబురు అందని జలాంతర్గామి ఏదైనా ఉంటుందేమోనని.

ఇంత చేసి పంపిన సరుకు ఎంత? అమెరికా నుంచి సోవియట్ యూనియన్‌కి వెళ్లిన మొత్తం సుమారు 175 లక్షల టన్నుల్లో ఈ దారిన పోయింది 40 లక్షల టన్నులు, నాలుగో వంతు కంటే తక్కువే. దాదాపు సగం పసిఫిక్ మీదుగా పోయింది. సోవియట్ యూనియన్‌కీ జపాన్‌కీ తటస్థ ఒప్పందం ఉండటంతో సోవియట్ జెండా కట్టిన ఓడలు జపాన్ ముంగిట్లోంచే వెళ్లేవి, కాకపోతే ఆయుధాలు ఉండకూడదు. ఇంకో నాలుగో వంతు ఇరాన్ మీదుగా పోయింది. ఆ దారి తెరవడానికి 1941 ఆగస్టులో ఇరాన్‌లోకి దిగిన బ్రిటిష్ బలగాల్లో ఎక్కువమంది మన భారత సైనికులే. క్వెట్టా నుంచి జాహెదాన్ దాకా రైల్లో, అక్కడి నుంచి లారీల్లో మష్‌హద్ వైపు కూడా సరుకు సాగింది.

ఈ అంకెలు చూసి ఆర్కిటిక్ దారి అంత విలువైంది కాదనేవాళ్లు ఉన్నారు. 1947లో సోవియట్ ప్రణాళికాధికారి వోజ్నెసెన్‌స్కీ ఇంకో అడుగు ముందుకేసి, మిత్రదేశాల సాయమంతా కలిపి సోవియట్ ఉత్పత్తిలో 4 శాతమే అన్నాడు. యుద్ధం మొత్తాన్ని ఒక గంపలో పోసి తీసిన సగటు అది. ఇరాన్ రైలు మార్గం పూర్తి స్థాయిలో పనిచేసింది 1943లో, పసిఫిక్ దారిలో ఆయుధాలు రావు, అమెరికా లారీలు వెల్లువలా వచ్చి పడింది కూడా యుద్ధం రెండో సగంలోనే. 1941 చలికాలంలో యుద్ధసామగ్రి ప్రధానంగా చేరింది ఉత్తరం నుంచే. ఆ ఏడాది డిసెంబర్ మొదట్లో మాస్కో ముందున్న మధ్యరకం, భారీ ట్యాంకుల్లో బ్రిటిష్‌వి 30 నుంచి 40 శాతం ఉంటాయని చరిత్రకారుడు అలెగ్జాండర్ హిల్ లెక్కగట్టాడు. వాటిలో చాలావరకు మటిల్డా, వాలెంటైన్ ట్యాంకులు, సోవియట్ ట్యాంకు టి-34తో పోలిస్తే నాసిరకమే. కానీ ఉరల్ అవతల యంత్రాలు ఇంకా బిగిస్తూ ఉన్న ఆ వారాల్లో టి-34లు సరిపడా లేవు.